పాత ఇంటి నేలమాళిగకు థర్మాకోల్ వేయించాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా మామగారి తాతగారు కట్టించిన రాతి ఇంట్లో ఉంటున్నాం. ముందు గదికి తర్వాత స్లాబు వేశారు, మిగతాదంతా మట్టి మిద్దె. పడసాల కింద ఒక నేలమాళిగ ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల ఎత్తు. ఒకప్పుడు అందులో సెనక్కాయలు, పత్తి నిల్వ చేసేవాళ్లట. ఒక మూల బండ మూసిన పాతర, అంటే గింజలు దాచే లోతు గుంత, కూడా ఉంది. పడమటి వీధి వైపు రెండు చిన్న కిటికీలున్నాయి. ఇరవై ఏళ్ల కిందట గోడలకు సిమెంటు పూత పూయించారు. అది ఇప్పుడు నడుము ఎత్తు దాకా ఉబ్బి పెచ్చులు రాలుతోంది. వానాకాలంలో బూజు వాసన. ఎండాకాలం మాత్రం పై గదుల కంటే చాలా చల్లగా ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ల మా అత్తగారు మధ్యాహ్నం పూట పడుకోవడానికి, మా పాప చదువుకోవడానికి ఆ గదిని బాగు చేయించాలని అనుకుంటున్నాం. షికాగోలో ఉన్న మా మరిది తన ఇంటి బేస్‌మెంట్ గోడలకు ఫోమ్ బోర్డులు వేయించి, పైన జిప్సం బోర్డు బిగించుకున్నాడు. మనమూ అలాగే ఇన్సులేషన్ చేయించుకోవాలంటున్నాడు. ఇక్కడి కాంట్రాక్టర్ సరేనన్నాడు. గోడలకు థర్మాకోల్, నేలకు పాలిథీన్ పరిచి టైల్స్, ఒక ఏసీ. ఎత్తు చాలదు కాబట్టి నేలను ఒక అడుగు తవ్వుదామంటున్నాడు. వానలు ముదిరేలోపు మొదలుపెట్టమంటారా?
— ఒక టీచర్, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ముందు మీ కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి నేల తవ్వే పని వద్దని చెప్పండి. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగే విషయం కాదు.

మీ ఇంటి పునాది ఎంత లోతు ఉందో మీకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ కాలం రాతి గోడలకు నేలమాళిగ అడుగు నుంచి ఒక అడుగో, అడుగున్నరో కిందికి మాత్రమే పునాది ఉండడం మామూలే. గోడ వెనక ఉన్న మట్టి ఎప్పుడూ గోడను లోపలికి నెడుతూ ఉంటుంది. గోడ పాదం జారకుండా ఎదురు నిలబడేది మీరు నడిచే ఆ నేలే. దాన్ని అడుగు తవ్వితే ఆ ఊతం పోతుంది. పైగా మీ చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఆ ఒత్తిడి ఏటా మారుతూనే ఉంటుంది. ఇన్నాళ్లు కదలని గోడ తవ్విన ఏడాది వానకే పగులు ఇవ్వొచ్చు. దాని మీద పడసాల, పడసాల మీద టన్నుల బరువున్న మట్టి మిద్దె ఉన్నాయి. పడుకోవడానికి, కూర్చుని చదువుకోవడానికి ఆరున్నర అడుగుల ఎత్తు చాలు. నేల మీద ఎప్పుడో పోసిన సిమెంటు పొర ఉంటే అది తీయించండి, రెండు అంగుళాలు కలిసొస్తాయి. అంతకు మించి ఆశపడవద్దు.

ఇక మీ మరిది మాట. ఆయన తన ఇంటికి చేయించింది సరైన పనే. షికాగోలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటుంది. అక్కడ పునాది వేయాలంటే 42 అంగుళాల లోతుకు దిగాలని నిబంధన, ఎందుకంటే అంతవరకు నేల గడ్డకట్టే అవకాశం ఉంది. బేస్‌మెంట్ గోడ వెనక మట్టి పది, పన్నెండు డిగ్రీల్లో ఉంటుంది. ఇంట్లో హీటర్ పెట్టి ఇరవై డిగ్రీలు నిలబెట్టుకుంటారు. ఆ వేడి ఆరు నెలల పాటు గోడలోంచి మట్టిలోకి పోతూనే ఉంటుంది, బిల్లు కడుతూనే ఉండాలి. మధ్యలో ఫోమ్ బోర్డు పెడితే ఆ నష్టం ఆగుతుంది.

మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. నేలలోకి కొన్ని మీటర్లు దిగితే ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా నిలబడుతుంది. కడప జిల్లాలో అది 28, 29 డిగ్రీలు. మే నెలలో బయట 42 కాస్తున్నా, జనవరి తెల్లవారుజామున ఒళ్లు వణికినా రెండు మీటర్ల లోతున ఉన్న మట్టి ఆ సగటు నుంచి కొద్దిగానే అటూ ఇటూ అవుతుంది. అదీ నెలల ఆలస్యంతో. రోహిణి కార్తె ఎండ ఆ లోతుకు చేరేసరికి పైన వానలు పడుతుంటాయి. మీ నేలమాళిగ ఎండాకాలం చల్లగా ఉండడానికి కారణం ఇదే. గదిలోకి వచ్చిన వేడిని గోడలు, నేల తీసుకుని వెనక మట్టికి అప్పజెబుతున్నాయి. ఆ గోడలకు థర్మాకోల్ వేశారంటే ఆ దారి మూసినట్టే. మనుషుల ఒంటి వేడి, లైట్ల వేడి, మెట్ల మీదుగా దిగే వేడి గదిలోనే ఉండిపోతాయి. ఉచితంగా దొరుకుతున్న చల్లదనాన్ని డబ్బిచ్చి ఆపుకుని, ఆ తర్వాత దానికోసమే ఏసీ కొనాల్సి వస్తుంది. మీకు ఏసీ అవసరమని కాంట్రాక్టర్ అనడంలో ఆశ్చర్యం లేదు, ఆయన చెప్పినట్టు చేస్తే నిజంగానే అవసరం పడుతుంది.

కాబట్టి ఆ గోడలకు ఇన్సులేషన్ వద్దు. నన్ను ఎక్కువ భయపెడుతున్నది వేడి కాదు, చెమ్మ. థర్మాకోల్ వెనక, జిప్సం బోర్డు వెనక చెమ్మ కనిపించదు, అంతే తప్ప పోదు. జిప్సం బోర్డు కాగితం తడిస్తే బూజుకు మంచి మేత. ఫోమ్‌ను చెదలు తినవు గానీ, దాన్ని తొలుచుకుంటూ ఎవరికీ కనపడకుండా మీ పడసాల దూలం దాకా దారి చేసుకుంటాయి. ఇంకొకటి, థర్మాకోల్ అంటుకుంటే నల్లటి విషపు పొగ వస్తుంది. ఒక్క మెట్లదారి ఉన్న గదిలో, మోకాళ్ల నొప్పులుండే వయసు మనిషి నిద్రపోయే గదిలో దాన్ని పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

చెమ్మ మూడు దారుల్లో వస్తుంది. మీ గదికి ఏది వస్తోందో తేల్చుకోకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టినా అది వృథా.

మొదటిది పైనుంచి, పక్కనుంచి కారే నీళ్లు. వీధి వైపు కిటికీల దగ్గర మొదలుపెట్టండి. ఆ ఇల్లు కట్టిన రోజుల్లో ఆ కిటికీలు నేలకు తగినంత ఎత్తులోనే పెట్టి ఉంటారు. తర్వాత వీధిలో ఒకసారి తారు, రెండుసార్లు సిమెంటు రోడ్డు పడి వీధి పైకి లేస్తుంది, ఇల్లు లేవదు. మన పాత ఊళ్లన్నిటిలోనూ ఇదే కథ. గడప దిగి ఇంట్లోకి వెళ్లాల్సిన ఇళ్లు ఎన్ని చూడలేదు! ఇప్పుడు వీధి నీళ్లు కిటికీ గట్టుకు ఎంత దూరంలో ఆగుతున్నాయో గట్టి వాన పడిన రోజు నిలబడి చూడండి. మిద్దె మీది నీళ్ల గొట్టం గోడ మొదట్లోనే పడుతోందా? ఆ గోడకు ఆనుకుని స్నానాల గది, అంట్లు తోమే తొట్టి, ఫిల్టర్ నీళ్ల పైపు, పూలమొక్కల పాదులు ఉన్నాయా? రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో నీటి మట్టానికి ఒక గీత గీసి, కుళాయిలన్నీ కట్టేసి పొద్దున్నే చూడండి. మట్టం దిగిందంటే ఎక్కడో పైపు కారుతోంది. చాలా ఇళ్లలో ‘భూమిలోంచి ఊట’ అని భయపడేది చివరికి పగిలిన ఒక పైపు ముక్కగా తేలుతుంది.

రెండోది కిందినుంచి. దీనికి మీ అత్తగారిని అడగండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి, పాపఘ్ని, పెన్నా పొంగిన ఆ రోజుల్లో మీ నేలమాళిగలో నీళ్లు నిలిచాయా? నేల బండల సందుల్లోంచి ఊరాయా? కె.సి. (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలిన నెలల్లో తడి పెరుగుతుందా? అలా ఎప్పుడూ జరగలేదని ఆమె చెబితే సగం టెన్షన్ తీరినట్టే. జరిగిందంటే మాత్రం లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ పూతలు పూసి నీటిని ఆపే ప్రయత్నం చేయవద్దు. ఒక మీటరు ఎత్తు నీరు చదరపు మీటరు నేల మీద టన్ను బరువుతో పైకి నెడుతుంది. పూత ఆ బలానికి నిలవదు, ఒకవేళ నిలిస్తే నేలే లేస్తుంది. అలాంటప్పుడు ఒక మూల చిన్న గుంత, అందులో తనంతట తాను ఆన్ అయ్యే పంపు పెట్టి, ఆ గదిని నివాసానికి వాడకుండా ఉండడమే మేలు.

మూడోది గాలిలోంచి. దీన్ని ఎవరూ అనుమానించరు. అందుకే కాస్త వివరంగా చెబుతాను. మేలో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి ముఖానికి నిప్పులా తగులుతుంది, కానీ అందులో నీటి ఆవిరి తక్కువ. తేమ 25 శాతం ఉన్న ఆ గాలి మీ 28 డిగ్రీల నేలమాళిగలోకి దిగి చల్లబడితే అక్కడి తేమ 54 శాతం దగ్గర నిలుస్తుంది. దానివల్ల బూజు రాదు. ఇప్పుడు చిత్త, స్వాతి కార్తెలు తీసుకోండి. బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం. గాలి హాయిగా ఉందని కిటికీలు, తలుపులు బార్లా తెరుస్తాం. అదే గాలి కిందికి దిగి 28 డిగ్రీలకు వచ్చేసరికి తేమ 84 శాతం అవుతుంది. గోడ మూలల్లో, బీరువా వెనక ఇంకొంచెం చల్లగా ఉండే చోట ఇంకా ఎక్కువ. ఎనభై దాటిన తేమ రోజుల తరబడి నిలబడితే బూజు పట్టడం ఖాయం. మనకు హాయిగా ఉన్న గాలి ఆ గదికి పడదు, మనం తట్టుకోలేని గాలి ఆ గదిని ఆరబెడుతుంది. మీకు వానాకాలంలోనే వాసన వస్తోందంటే ఈ మూడో దారికి వాటా ఉందనే నా అనుమానం.

గోడలోంచి వచ్చే చెమ్మ, గాలిలోంచి వచ్చే చెమ్మ వేరు చేయడానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. పెచ్చులు రాలని చోట, పొడిగా తుడిచిన గోడ మీద జానెడు చదరపు పాలిథీన్ ముక్క పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు పట్టాయంటే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలోంచి. నడుము ఎత్తులో ఒకటి, తల ఎత్తులో ఒకటి, పడమటి గోడకు, దానికి ఎదురు గోడకు విడివిడిగా పెట్టండి. దీనితో పాటు గాలిలో తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొనండి, చాలా తక్కువకే దొరుకుతుంది. పాపకు ఒక నోటుబుక్ ఇచ్చి రోజుకు రెండుసార్లు అంకె రాయమనండి.

ఆ సిమెంటు పూత గురించి. నడుము ఎత్తులో ఉబ్బిన ఆ గీత చూస్తే గోడ అడుగున తడి ఉందనీ, దానికి బయటికి పోయే దారి లేదనీ తెలుస్తోంది. మన నాపరాయి గట్టిది, నీటిని పెద్దగా పీల్చదు. తడి ఎక్కేది రాళ్ల మధ్య ఉన్న సున్నంలోంచి, మట్టిలోంచి. పూర్వం సున్నపు పూత ఉన్నప్పుడు అది మోకాలి ఎత్తుకు రాకముందే గదిలోకి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసింది. తడి పైకి పాకింది. దానితో పాటు నేలలోని లవణాలు కూడా ఎక్కాయి. అవి పూత వెనక గడ్డకట్టి, ఉబ్బి పెచ్చులను నెట్టేస్తున్నాయి. ఆ తెల్లటి పొడి అదే. ఊడిన చోట మళ్లీ సిమెంటే పూయిస్తే వచ్చేసారి ఆ గీత భుజాల ఎత్తుకు వస్తుంది. ఇది పెద్ద పేరున్న కెమికల్ పూతలకూ వర్తిస్తుంది.

కాబట్టి ఆ పూత మొత్తం తీయించాలి. యంత్రంతో వద్దు, సుత్తి, ఉలితో నెమ్మదిగా. రాళ్ల సందులను ఒక అంగుళం లోపలికి గీకించి, తెల్లపొడిని పొడి బ్రష్‌తో దులిపించండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. రాలిన మట్టిని ఏ రోజుకారోజు బయటికి మోయించండి. తర్వాత కొన్ని నెలలు గోడను అలా వట్టిగానే వదిలేయాలి. చూడ్డానికి బాగుండదు, ఇంటికి వచ్చినవాళ్లు ఏమైందని అడుగుతారు. అయినా ఓపిక పట్టండి, ఇరవై ఏళ్ల తడి ఒక వారంలో ఆరదు.

ఆరాక గానుగ సున్నమే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రాయి, మీ ఇంటి నేలన పరిచిన నాపబండ, రెండూ సున్నపురాయే. అలాంటి ప్రాంతంలో ఉండి సున్నం పని మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. గండికోట ధాన్యాగారం మీరు చూసే ఉంటారు. ఆ మందపాటి గోడలు, ఆ కమాను కప్పు నిలిచింది రాయి, సున్నం మీదే. మీకు కావలసింది బాగా నానబెట్టి గానుగాడిన సున్నం ఒక పాలు, ఉప్పు లేని వాగు ఇసుక మూడు పాళ్లు. నేలమాళిగ కాబట్టి ఇసుకలో కొంత భాగానికి బదులు బాగా కాలిన ఇటుకల పొడి, అంటే సుర్కీ, కలపమనండి. సుర్కీ కలిస్తే సున్నం తడి చోట కూడా గట్టిపడుతుంది. ముందు రాళ్ల సందులు నింపి, ఆ తర్వాత అర అంగుళం మించకుండా పలుచటి పూతలు పూయాలి. ఒక్కో పూతకు మధ్య రోజుల విరామం ఇచ్చి, గోనె సంచులు తడిపి వేలాడదీయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే తొందరపెడితే పెళుసుగా తయారవుతుంది. పచ్చి సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, బేల్దారులకు అద్దాలు, చేతి తొడుగులు మీరే కొనిచ్చి పెట్టుకోమనండి. పూత మీద వెల్ల తప్ప పుట్టీ, ఎమల్షన్ పెయింట్ ఏదీ వేయవద్దు. వెల్ల క్షారం కాబట్టి దాని మీద బూజు తేలిగ్గా పట్టదు. రెండేళ్లకొకసారి సంక్రాంతికి ఒక చేయి వేయించుకుంటే సరిపోతుంది.

సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. మీ చుట్టుపక్కల పాత గుడి బాగుచేతలు జరిగే చోట వాకబు చేయండి. ఒక చదరపు గజం గోడకు ముందు పూయించి చూసి, పగుళ్లు రాకపోతేనే మిగతాది అప్పగించండి.

నేలకు పాలిథీన్, టైల్స్ కూడా వద్దనే చెబుతాను. నేలలోంచి ఆరిపోతున్న కాస్త తడిని మూసేస్తే అది గోడల్లోకి మళ్లుతుంది. ఇప్పుడున్న బండలను నంబర్లు వేసి లేపి, కింద కొత్తగా తవ్వకుండా ఉన్న మట్టినే చదును చేసి, ముతక ఇసుక పలుచగా పరిచి, అవే బండలు సున్నపు సందులతో తిరిగి పరిపించండి. బండ పరుపు మీద పడుకున్న చల్లదనం మీ అత్తగారికి తెలియనిది కాదు.

బయటి పనులు మాత్రం ఇప్పుడే చేయించుకోవచ్చు. ఇంటి చుట్టూ, వీలైనంత మేర, గోడ నుంచి బయటికి మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో బండలు పరిపించండి. మిద్దె గొట్టాన్ని కాలువ దాకా పొడిగించండి. కిటికీ గట్లను వీధి మట్టానికి పైన అరడుగు ఉండేలా రాతితో లేపించండి. కిటికీలు చిన్నవవుతాయి, పూర్తిగా మూసేయవద్దు. దోమల జాలీ, ఎలుకలు కొరకలేని ఇనుప జాలీ రెండూ బిగించండి. నేల పైన కనిపించే పడమటి గోడ ముక్కకు సాయంత్రం ఎండ సూటిగా తగులుతుంది, ఆ కిటికీల పైన చిన్న నాపబండ చూరు పెట్టించండి. నేలమాళిగలోకి బయటి ఎండ నేరుగా చొరబడే చోటు నిజానికి అదొక్కటే.

గాలి ఆడించడం ఎప్పుడన్నదే ముఖ్యం. ఒక కిటికీకి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగు నుంచి సూర్యోదయం దాకా నడిపి, ఆ తర్వాత కిటికీలు, మెట్ల తలుపు మూసేయండి. మనుషులున్న గంటల్లో మాత్రం కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచండి, మూసిన గదిలో ఊపిరి బరువెక్కుతుంది. వానలు పడే నెలల్లో ఫ్యాను ఊరికే నడపవద్దు. బయట పొడిగా ఉన్న రోజు మాత్రమే నడపండి. నవంబరు వానలు తగ్గి చలిగాలి మొదలయ్యాక ఎంత నడిపితే అంత మంచిది, ఆ గాలి చల్లగానూ పొడిగానూ ఉంటుంది. హైగ్రోమీటర్ 70 లోపు చూపిస్తున్నంత కాలం నిశ్చింతగా ఉండండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నేలమాళిగలో నీళ్ల కూలర్ పెట్టవద్దు. పైన గదిలో అది పనిచేస్తుంది, కింద పెడితే గంటలో గదిని తడిపేస్తుంది.

ఇన్సులేషన్ మీద డబ్బు పెట్టాలనే ఉంటే మిద్దె ఎక్కండి. మన ఇళ్లకు వేడి కిందినుంచి రాదు, నడినెత్తి మీద నుంచి వస్తుంది. మీ ముందు గది స్లాబు ఎండాకాలం రాత్రి పదింటికి కూడా చేయి పెడితే కాలుతూ ఉంటుంది. థర్మాకోల్ కంటే గట్టిగా ఉండే ఫోమ్ బోర్డు, రెండు అంగుళాలది, స్లాబు పైన వాటర్‌ప్రూఫ్ పూత మీద పరిచి, దాని మీద కాంక్రీటు, తెల్ల టైల్స్ వేయించండి. మీ మరిది చెప్పిన వస్తువు సరైన చోటికి చేరుతుంది. గది లోపల సీలింగు కింద బోర్డులు వేయించడం కంటే ఇది మేలు, స్లాబే వేడెక్కదు. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే మార్చిలో స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, చిక్కటి వెల్ల గానీ రెండు చేతులు వేయించండి. తేడా అదే రోజు సాయంత్రం తెలుస్తుంది.

మట్టి మిద్దె జోలికి ఫోమ్‌తో, కాంక్రీటుతో వెళ్లకండి. అంత మందం మట్టి తనకు తానే మంచి ఇన్సులేషన్, దాన్ని మోసే దంతెలు, అంటే దూలాల మీది చిన్న కర్రలు, అదనపు బరువు మోయలేవు. కింద నుంచి దూలాలను, దంతెలను తట్టి చూడండి, డొల్ల మోత వచ్చిన చోట చెదలున్నట్టు. పైన చౌడు మన్ను, అంటే ఉప్పు నేలల మట్టి, పొర పలుచబడితే వానలకు ముందే కొత్తది పోయించండి. చౌడు తడిసినప్పుడు మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, అందుకే మనవాళ్లు దాన్నే ఏరి తెచ్చుకునేవాళ్లు. మిద్దె కప్పులో వెలుతురుకు వదిలిన గవాక్షి మూసేసి ఉంటే తెరిపించి, వాన పడకుండా గాజు మూత పెట్టించండి. రాత్రిళ్లు పడసాల వేడి దాంట్లోంచి పోతుంది, పడసాల చల్లబడితే కింది గదికీ సుఖం.

పాతర గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. దాన్ని ఊరికే తెరవవద్దు. ఏళ్ల తరబడి మూసిన పాతరలో ప్రాణవాయువు ఉండదు, మూత తీసిన వెంటనే దిగినవాళ్లు అరిచే వ్యవధి కూడా లేకుండా పడిపోతారు. వాళ్లను పైకి లాగబోయి దిగినవాళ్లదీ అదే గతి. నీళ్లు ఊరుతున్నాయేమో చూడాలంటే బండ జరిపి, ఒక రోజంతా ఫ్యానుతో గాలి కొట్టించి, టార్చి వేసి పైనుంచే చూడండి. పూడ్చాలనుకుంటే కంకర, ముతక ఇసుకతో పొరలుగా దిమ్మిస కొట్టించండి. నల్లమట్టి, ఇంటి చెత్త వేయవద్దు. బండ గట్టిగా ఉంటే అలా వదిలేసినా నష్టం లేదు, పాప దాని మీద ఎక్కకుండా చూసుకుంటే చాలు.

మీ అత్తగారి కోసమని మొదలుపెట్టారు కాబట్టి మెట్ల మాట. పాత నేలమాళిగల మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. రెండు పక్కలా పట్టుకునే కమ్మీ, పైనా కిందా స్విచ్ ఉన్న లైటు, చేతికందే చోట కాలింగ్ బెల్ లేకుండా ఆమెను దింపకండి. తలుపుకు లోపలి గడియ తీసేయండి. మోకాళ్లు సహకరించకపోతే ఆమెను బలవంతపెట్టవద్దు. పైన మిద్దె బాగుచేయిస్తే పడసాలే ఆమెకు తగిన చోటు. కరెంటు వైరింగుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్, తప్పనిసరి, తడి గోడకు ప్లగ్ పాయింట్లు వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీలు, జనరేటర్, బొగ్గుల కుంపటి, దోమల కాయిల్ ఆ గదిలోకి రాకూడదు. పాప పుస్తకాల బీరువా గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టండి. ఎండాకాలం సెలవుల్లో ఎంతసేపైనా చదువుకోనివ్వండి, వానల్లో తేమ 80 చూపించే రోజుల్లో పై గదిలోనే కూర్చోమనండి.

వానలు ముదిరేలోపు మొదలుపెట్టాలా అని అడిగారు. బయటి వాలు, గొట్టం, కిటికీ గట్లు, కారే పైపులు, చౌడు మాత్రం ఇప్పుడు. లోపల ఈ వానాకాలం ఏమీ ముట్టుకోకండి. తడి ఎక్కడ మొదలై ఎంత ఎత్తుకు ఎక్కుతోందో పెన్సిల్‌తో గోడ మీదే గీతలు గీసి, తేదీలు వేయండి. అక్టోబరులో పాలిథీన్ పరీక్ష. డిసెంబరులో సిమెంటు పూత తీయించి, గోడలను ఫిబ్రవరి దాకా ఆరనివ్వండి. సున్నం పని ఎండలు ముదిరేలోపు, మార్చి మొదటి వారాల్లో ముగించండి. అప్పటికీ తడి తగ్గకపోతే పూత వచ్చే ఏడాదికి వాయిదా వేసినా ఫరవాలేదు, వట్టి రాతి గోడతో ఆ గది ఎండాకాలం నిక్షేపంగా పనికొస్తుంది.

ఏసీ సంగతి ఆ ఎండాకాలం గడిచాక చూద్దాం. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు పైన ఎంత, కింద ఎంత అని పాప రాసిన అంకెలు నాకు పంపండి, అవి చూసి చెబుతాను.